గ్లాసెడు ధైర్యం

ఆయిల్ డబ్బా మీద తమ్ముడు గీసిన పెన్సిలు గీతల్ని చూసినప్పుడల్లా పడవక్కకి ఒళ్ళు మండిపోయేది. రోజుకో గీత. గీత పక్కన తేదీ. తేదీ పక్కన ఆ రోజు పడవ ఏరు ఎన్నిసార్లు దాటిందో ఆ అంకె. వారం తిరిగేసరికి ఆ తెల్ల ప్లాస్టిక్ డబ్బా, మంచానికి జ్వరం పట్టిక తగిలించుకున్న రోగిలా తయారైంది.

"పదిహేను రోజులు రావాలక్కా ఈ డబ్బా," అన్నాడు తమ్ముడు, దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి. "ఎనిమిదో రోజుకే అడుగు కనబడుతోంది. ఎవరు తాగుతున్నారు? నువ్వా, నేనా?"

"నేనే. పొద్దున్నే ఓ గుక్కెడు పడకపోతే నాకు మోకాళ్ళు వంగవు," అంది ఆమె పెట్రోలు క్యాను మూత బిగిస్తూ.

అతను నవ్వలేదు. ఇంజన్ల విషయంలో అతను నవ్వడు. ముప్పయ్యారేళ్ళు బస్సు డిపోలో మేస్త్రీగా చేసి, పోయినేడాది రిటైరై, ఆర్నెల్లకే భార్యను పోగొట్టుకుని, రెండు నెలల కిందట ఒక్క సంచితో అక్క గుమ్మంలో దిగిన మనిషి. డిపోలో తెల్లవారి అతని మొదటి పని ప్రతి బస్సు ఇంజన్లోనూ పుల్ల దించి ఆయిల్ మట్టం చూడటం. ఏ బస్సైనా లెక్కకు మించి ఆయిల్ తాగిందంటే ఆ అవమానం బస్సుది కాదు, మేస్త్రీది.

పడవ మోటారు సంగతి వేరు. అది పాత టూ స్ట్రోక్ మోటారు. ఆయిల్ తాగడం దానికి రోగం కాదు, తిండి. పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా లోపల కాలి, నీలం పొగై పడవ వెనక నీళ్ళలోకి పోతుంది. ఇది తమ్ముడికి తెలియక కాదు.

"తాగనీ. నేను కాదన్నానా? కానీ దేనికైనా లెక్కుండాలి కదా. యాభై పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిల్. ఇది రెండు పాళ్ళు తాగుతోంది. పంపైనా ఎక్కువ పోస్తూ ఉండాలి, ఎక్కడైనా కారుతూ అయినా ఉండాలి. చూస్తా. దీని అంతు చూడకపోతే నేను మేస్త్రీనే కాదు."

పంపు ఎక్కువ పోయడం లేదని, ఎక్కడా కారడం లేదని, ఆ రెండో పాలు ఎటు పోతోందో ఈ లోకంలో ఒక్క పడవక్కకే తెలుసు. ఎందుకంటే పోస్తున్నది ఆమే.

ఆ మోటారులో ఆయిల్‌కి విడిగా ఓ చిన్న ట్యాంకు ఉంది. పిడికెడంత పంపు ఒకటి అందులోంచి ఆయిల్ లాగి, మోటారు వేగాన్ని బట్టి ఎక్కువో తక్కువో లోపలికి పంపుతూ ఉంటుంది. చెప్పుకోవడానికి బాగానే ఉంది గానీ, రేవులో ఆ పంపుని నమ్మినవాడు లేడు. పంపు ఆగిపోతే ఆగిపోయానని ఎవరికీ చెప్పదు. మోటారు మామూలుగానే పాడుతూ పాడుతూ పోయి, లోపల ఎండిపోయి, నడి ఏట్లో పిస్టన్ కదలకుండా పట్టేస్తుంది. అందుకని పొద్దున పెట్రోలు నింపేటప్పుడు పెట్రోల్లో కూడా ఓ గ్లాసెడు ఆయిల్ కలిపేస్తారు. పంపు పనిచేసిందా, మంచిదే. చెయ్యలేదా, ఆ గ్లాసు ఒడ్డుకు చేరుస్తుంది. రేవు వాళ్ళు ఆ గ్లాసుకి పెట్టుకున్న పేరు ధైర్యం. "ధైర్యం పోశావా?" అని ఒకరినొకరు అడిగి మరీ పడవలు విప్పుతారు.

పడవక్కకి ఆ అలవాటు భర్త నేర్పాడు. ఆయన చనిపోయిన ఏడాది వానాకాలంలో, దుఃఖంలోనో తొందరలోనో ఆమె ధైర్యం పోయడం మరిచిన ఒకే ఒక్క రోజున, పంపులో పళ్ళచక్రం విరిగింది. పడవలో పదకొండు మంది. ఏరు నిండుగా ఉంది. అరగంట సేపు పడవ తన ఇష్టం వచ్చినట్టు కొట్టుకుపోయి ఓ ఇసుకదిబ్బకి తగులుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ అరగంటలో ఒక తల్లి ఏడవకుండా, అరవకుండా, తన బిడ్డని తువాలుతో నడుముకి కట్టేసుకోవడం పడవక్క చూసింది. పోతే ఇద్దరం కలిసే పోవాలని కట్టుకున్న ముడి అది. పద్నాలుగేళ్ళయినా ఆ ముడి ఆమె కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆ తర్వాత ధైర్యం పోయని రోజు లేదు.

మరి తమ్ముడితో ఆ ముక్క ఎందుకు చెప్పలేదూ అంటే, తప్పు మొదటి రోజే జరిగింది. వచ్చిన మర్నాడే అతను రేవులోకి వచ్చి, ఆ కబురూ ఈ కబురూ విని, ఈ ధైర్యం సంగతి చెవిన పడగానే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పంపు పెట్టి, మళ్ళీ పెట్రోల్లో కూడానా? అన్నం తినిపించి, తినలేదేమోనని మళ్ళీ ముక్కులోంచి గంజి పోసినట్టుంది మీ వైద్యం! ప్లగ్గులు మసిబారి చావవూ? అక్కా, నువ్వు కూడా పోస్తావా ఏంటి?"

రేవంతా వింటోంది. "నేనెందుకు పోస్తాను," అనేసింది పడవక్క.

అంతే. నోరు జారిన మాట, వెనక్కి తీసుకుందామంటే రోజురోజుకీ బరువెక్కింది. రెండో రోజు చెబితే నవ్వేవాడు. వారానికి చెబితే కోప్పడేవాడు. ఇప్పుడు, గీతలు గీసి, లెక్కలు వేసి, మోటారు నాలుగుసార్లు విప్పి బిగించాక చెబితే? సంచి సర్దుకుంటాడు. ఆ భయం ఆమెది. అందుకే అతను చూడకుండా కొట్టు గదిలోనే పోసుకుని, రేవులో అడిగినవాళ్ళకి లేదని తల ఊపేది.

సంచి జిప్పు చప్పుడంటే ఆమెకి గుండె జారిపోతుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు డిపో ఉద్యోగానికని వెళ్ళాడు. నాన్న పోయినప్పుడు వచ్చి, మూడో రోజున మళ్ళీ వెళ్ళాడు. ఆమె భర్త పోయినప్పుడు వచ్చి, "సెలవు లేదక్కా" అని మళ్ళీ వెళ్ళాడు. మూడుసార్లూ గడపలో నిలబడి ఆ జిప్పు మూసుకోవడం విన్నది ఆమే. ఇప్పుడు అతనికి అరవై ఒకటి, ఆమెకి అరవై ఆరు. ఇంకోసారి వెళ్తే మళ్ళీ రావడానికి ఇద్దరిలో ఎవరో ఒకరు మిగలాలి కదా.

అలాగని అతను ఉన్నందువల్ల ఆమె ప్రాణం హాయిగా ఉందా అంటే, అదీ లేదు.

వంటింటి బల్ల మోటారుకి అర్పణమైపోయింది. కార్బురేటరు ఆమె పప్పుగిన్నెలో నానుతోంది. ప్లగ్గులు స్టీలు పళ్ళెంలో తలలు పైకి పెట్టి కూర్చున్నాయి. చెంచా కోసం చెయ్యి పెడితే స్క్రూడ్రైవరు తగులుతోంది. సబ్బు ఎంత రుద్దినా తువాళ్ళకి పెట్రోలు వాసన పోవడం లేదు.

"ఒరే, ఇది వంటిల్లురా, మీ డిపో కాదు."

"డిపో అయితే ఇంతకన్నా శుభ్రంగా ఉండేదిలే."

"అయితే డిపోకే పోయి తిను."

అన్నాక నాలుక కరుచుకుంది. అతను ఒక్క క్షణం తలెత్తి చూసి, మళ్ళీ ప్లగ్గు మసి గీకడంలో పడ్డాడు. "చూడు ఎంత నల్లగా ఉందో. తడితడిగా కూడా ఉంది. ఆయిల్ ఎక్కువైతేనే ఇలా అవుతుంది. పంపే దొంగ. సందేహం లేదు."

'దొంగ నీకెదురుగానే ఉంది, గిన్నెలు తోముకుంటోంది' అనుకుంది ఆమె. పైకి మాత్రం, "పప్పుగిన్నె ఖాళీ చెయ్యి," అంది.

రెండు వారాలకి పొగ తగ్గింది. ముందుగా కనిపెట్టింది నర్సమ్మ. ఆవిడ రోజూ పొద్దున అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి డ్యూటీకి పోయి మధ్యాహ్నం ఈ పడవలోనే తిరిగి వచ్చేది.

"ఏం పడవక్కా, మోటారు చుట్టలు మానేసిందా? ఇదివరకు పొగ చూసి పడవ వస్తోందని తెలుసుకుని ఇంట్లోంచి బయలుదేరేదాన్ని. ఇవాళ ఇంకాస్తలో పడవ తప్పిపోయేది!"

ముందు బల్ల మీద కూర్చున్న తమ్ముడి మొహం వెలిగిపోయింది. "వైద్యం అలాంటిదమ్మా."

"ఏ మందు వేశారు మేస్త్రిగారూ?"

"మందు వెయ్యడం కాదు, తగ్గించడం," అన్నాడు గొప్పగా. అంతకు మించి చెప్పలేదు. అక్కకి చెబితే భయపడుతుందని అతని ఉద్దేశం. అతను చేసిందల్లా, మోటారు పైమూత తీసి, ఆయిల్ పంపు మీద ఉన్న చిన్న మీటని ఓ గీత వెనక్కి జరిపి బిగించడం. మోటారు ఎంత వేగంగా తిరిగినా పంపు ఇదివరకటి కంటే తక్కువ పోస్తుంది.

పడవక్కకి ఆ మీట సంగతి తెలియదు. ఆమెకి కనిపించిందల్లా పొగ తగ్గడమే. పొగ తగ్గిందంటే లోపలికి ఆయిల్ తక్కువ పోతోందని అర్థం. తక్కువ పోతోందంటే పంపు నీరసపడుతోందని అర్థం. మర్నాడు గ్లాసెడు ధైర్యం కాస్తా గ్లాసున్నర అయింది.

డబ్బాలో మట్టం మళ్ళీ జారింది. తమ్ముడు మీట ఇంకో గీత వెనక్కి జరిపాడు. పడవక్క రెండు గ్లాసులు పోసింది. అతను పంపుని మరీ ఆఖరి గీత దాకా నొక్కేశాడు. ఒకే కప్పు కింద, ఒకే కుండలో వండుకు తింటూ, అతను అటు తగ్గించడం, ఆమె ఇటు పెంచడం. ఒకరి చెయ్యి సంగతి ఒకరికి తెలియదు. మధ్యలో మోటారు మాత్రం ఏ లోటూ లేకుండా రోజూ పన్నెండుసార్లు ఏరు దాటుతోంది, మళ్ళీ పొగ కక్కుతోంది.

"మళ్ళీ చుట్ట మొదలెట్టింది," అంది నర్సమ్మ చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

తమ్ముడు పొగకి చెయ్యి అడ్డం పెట్టి, అరచెయ్యి వాసన చూసుకున్నాడు. ఇంటికొచ్చాక డబ్బా ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పెన్సిలు చెవి మీద ఉంది గానీ గీత గీయలేదు. డిపోలో ఐదొందల బస్సుల ఆరోగ్యం చూసిన మనిషి, ఓ బిందెంత మోటారు ముందు తెల్లమొహం వేసుకుని కూర్చోవడం చూస్తే ఆమెకి జాలి వెయ్యాలి. వేసింది కూడా. జాలికంటే ముందు మాత్రం విసుగే వచ్చింది. ఇంత మొండితనం దేనికి? ఓ డబ్బా ఆయిల్ పోతే పోయింది, వదిలెయ్యొచ్చు కదా? తింటూ, తిరుగుతూ, రేవులో నలుగురితో కబుర్లు చెప్పుకుంటూ ఉండొచ్చు కదా?

వదిలెయ్యడని బుధవారం మధ్యాహ్నం తెలిసింది.

పెరట్లో బట్టలు ఆరేస్తోంది. గోడ అవతల తమ్ముడు ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతలివాడు డిపోలో అతనితో పనిచేసిన పాత స్నేహితుడు. పట్నంలో సొంతంగా గ్యారేజీ పెట్టుకున్నాడు, పైన గది ఉంది, వచ్చెయ్యమని నెల రోజులుగా పిలుస్తున్నాడు.

"లేదురా, ఊరికే కూర్చుని తినడం నావల్ల కాదు. ఆడమనిషి, ఈ వయసులో పడవ నడిపి పెడుతుంటే... ఆఁ... ఆ మోటారు ఒక్కటైనా దారికి తెస్తే నేనూ పనికొచ్చాననుకుని ఇక్కడే ఉండిపోదును. అదీ చేతకాలేదు. ఏం చెప్పను, ఇంత మోటారు, నా మొహం మీద పొగ ఊదుతోంది... శుక్రవారం దాకా చూడు. శుక్రవారానికి తేలకపోతే శనివారం పొద్దున నీ దగ్గర ఉంటా."

తడిబట్ట ఆమె చేతిలోనే ఉండిపోయింది. నీళ్ళు మోచేతుల మీదుగా కారి కాళ్ళ మీద పడుతున్నాయి.

ఎంత తేలికైన సంగతి! ధైర్యం పోయడం మానేస్తే చాలు. డబ్బాలో మట్టం నిలబడుతుంది, పొగ తగ్గుతుంది, తమ్ముడు గెలుస్తాడు, ఉండిపోతాడు. ఒక గ్లాసు. చేత్తో అలా ఎత్తి పెట్రోల్లో వంచకుండా ఉండటం. అంతే కదా?

గురువారం పొద్దున అతను స్నానానికి వెళ్ళాక ఆమె కొట్టు గదిలోకి వెళ్ళింది. ఖాళీ ట్యాంకులో కొత్త పెట్రోలు నింపింది. అలవాటు కొద్దీ గ్లాసు చేతిలోకి వచ్చేసింది. డబ్బా వంచింది. పచ్చటి ఆయిల్ గ్లాసు అంచు దాకా వచ్చింది. అలా పట్టుకుని నిలబడింది. తువాలు ముడి కళ్ళ ముందు కదిలింది. స్నానాలగదిలో తమ్ముడు బకెట్ జరిపిన చప్పుడు వినిపించింది. మంచం కింద అతని సంచి ఉంది.

గ్లాసులో ఆయిల్‌ని మళ్ళీ డబ్బాలోకి వంచేసింది. కాస్త కింద ఒలికింది. ఆ మరకని చెప్పుతో రుద్దేసి, మూత బిగించి, గ్లాసు కడగకుండానే చూరులో దోపేసింది.

పొద్దున ఆరు దాటింపులూ బాగానే జరిగాయి. ఆమె చెవులు మాత్రం మోటారు దగ్గరే ఉన్నాయి. ఎవరో పలకరిస్తే "ఆఁ?" అంటోంది. చిల్లర ఇవ్వాల్సినవాళ్ళకి బదులు పక్కవాళ్ళకి ఇచ్చింది. పొగ లేదు. వెనక నీళ్ళు తేటగా ఉన్నాయి. తమ్ముడు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు, అతని మొహంలో ఒక్కో దాటింపుకీ ఒక్కో ఏడాది వయసు తగ్గుతోంది.

"చూశావా? చూశావా అక్కా? దారికొచ్చింది!"

"వచ్చింది, వచ్చింది. ముందుకి చూసి కూర్చో."

మధ్యాహ్నం ఎదురుగాలి లేచింది. అవతలి ఒడ్డు నుంచి తిరుగు ప్రయాణంలో నర్సమ్మ ఒక్కతే ఎక్కింది, పక్కన మందుల పెట్టె. గాలికి పడవ ముక్కు పక్కకి పోతోంటే పడవక్క వేగం పూర్తిగా పెంచింది. మోటారు గొంతు సన్నబడింది. రోజూ వినే గొంతు కాదు, ఎవరో పళ్ళ మధ్యలోంచి మాట్లాడుతున్నట్టుంది. ఆమె వేగం తగ్గించబోయింది. చెయ్యి ఇంకా తిప్పుతూండగానే లోపల గరగరమని ఓ గీరుడు, దాని మీద టక్కుమని ఓ దెబ్బ, ఆ వెనకే నిశ్శబ్దం.

పడవ ఇంకో నాలుగు బారలు దానంతట అది జారి, ఆగి, మెల్లగా అడ్డం తిరిగింది.

తమ్ముడు ఒక్క గెంతులో వెనక్కి వచ్చి తాడు లాగాడు. తాడు రాలేదు. రెండు చేతులతో లాగాడు. గోడకి కొట్టిన మేకుని లాగినట్టుంది. పైమూత తీయగానే వేడి మొహానికి కొట్టింది.

"పట్టేసింది," అన్నాడు.

"తెలుస్తోంది," అంది పడవక్క.

"ఏంటి, పట్టేయడమంటే?" అంది నర్సమ్మ. ఆవిడ మందుల పెట్టె ఒళ్ళోకి తీసుకుంది.

తమ్ముడు మూత పక్కన పెట్టి, పంపు మీటని చూస్తూ ఉండిపోయాడు. పెదాలు లెక్క వేస్తున్నట్టు కదులుతున్నాయి. గాలికి పడవ దిగువకి పోతోంది, అదీ అతనికి పట్టలేదు.

"తప్పు నాదే అక్కా. పంపుని నేనే తగ్గించాను. మూడుసార్లు తగ్గించాను. నీకు చెప్పలేదు." ఆగాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. "కానీ ఆఖరిసారి తగ్గించి పది రోజులైంది. ఈ మీట మీద ఇది మొదటి రోజే పట్టేయాలి. పది రోజులు ఎలా తిరిగింది? దేని మీద తిరిగింది?"

మేస్త్రీ బుర్ర అది. పడవ కొట్టుకుపోతున్నా జవాబు దొరికేదాకా ఊరుకోదు. పెట్రోలు ట్యాంకు మూత తిప్పి, వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్దుకున్నాడు. వాసన చూశాడు. ఒట్టి పెట్రోలు. తల తిప్పి అక్క వైపు చూశాడు.

"నువ్వు పోస్తున్నావు."

ఆమె ట్యాంకు మూత అతని చేతిలోంచి లాక్కుని బిగించింది.

"ఇన్నాళ్ళూ నువ్వు పోస్తున్నావు! మొదటి రోజే అడిగాను కదే నిన్ను!"

"మొదటి రోజే నవ్వావు కదరా నువ్వు!"

"నవ్వితే? నవ్వితే అబద్ధం చెప్పేస్తావా? మూడు నెలలు! నాలుగుసార్లు విప్పాను! నిద్రలో కూడా ఆ పంపే! నాకు పిచ్చి పట్టిందేమో అనుకున్నాను!"

"నువ్వు మాత్రం? నా మోటారుని నాకు చెప్పకుండా గొంతు నొక్కి చంపుతావా? పడవలో మనుషులుంటారని తెలీదా? బస్సయితే ఆగిపోతే దిగి తోస్తారు. ఇక్కడ దిగి ఎక్కడ నిలబడతారురా?"

"నువ్వు నిజం చెప్పుంటే నేను తగ్గించేవాణ్ణే కాదు!"

"నువ్వు తగ్గించినట్టు చెప్పుంటే నేను మానేసేదాన్నే కాదు!"

"అమ్మా, అయ్యా," అంది నర్సమ్మ, గొంతు పెంచి. "ఇద్దరూ దివ్యంగా తిట్టుకుంటున్నారు, నాకేం అభ్యంతరం లేదు. కానీ అటు రాళ్ళున్నాయి. ఆ తెడ్లు చూడటానికి పెట్టుకున్నారా, వెయ్యడానికా?"

ఇద్దరూ చెరో తెడ్డూ లాక్కున్నారు. ఆమె ఎడమ, అతను కుడి. అతని చేతిలో బలం ఉంది గానీ వాటం లేదు. అతను నీళ్ళని దున్నుతున్నాడు, ఆమె వేస్తోంది, పడవ ముందుకి పోకుండా గుండ్రంగా తిరుగుతోంది. "నెమ్మదిగా! నాతో పాటు!" అని ఆమె, "నాతో పాటు నువ్వే వెయ్యి!" అని అతను. నర్సమ్మ ఒకటి, రెండు అని లెక్క పెట్టడం మొదలుపెట్టింది, రోగికి ఊపిరి పీల్చడం నేర్పినట్టు. ఆ లెక్కకి ఇద్దరూ తిట్టుకుంటూనే లొంగారు. రాళ్ళు ఓ బారెడు దూరంలో పక్కకి జరిగిపోయాయి.

రాళ్ళు దాటాక, ఆయాసం మధ్యలో తమ్ముడు అడిగాడు.

"మరి ఇవాళ ఎందుకు పోయలేదు? ఇన్నాళ్ళూ మానని దానివి ఇవాళే ఎందుకు మానేశావు?"

ఆమె నాలుగు తెడ్లు వేసింది.

"నువ్వు గెలుస్తావని."

"గెలిస్తే?"

"ఉంటావని."

నర్సమ్మ లెక్క ఆపేసింది. అతని తెడ్డు కూడా నీళ్ళ మీద ఆగింది, చుక్కలు కారుతున్నాయి. తర్వాత అతనికి వచ్చింది కన్నీళ్ళు కాదు, కోపమే.

"ఉండమని నోటితో అడగొచ్చు కదా! దానికి మోటారు చంపుకోవాలా?"

"మూడుసార్లు అడిగాను," అంది పడవక్క. "మూడుసార్లూ వెళ్ళావు. తెడ్డు వెయ్యి."

అతను వేశాడు. రేవుకి చాలా దిగువన, రెల్లు మధ్యలో పడవ నేలకి తగిలింది. నర్సమ్మ చెప్పులు చేత పట్టుకుని, పెట్టె నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళ లోతు బురదలో దిగింది. ఒడ్డెక్కాక వెనక్కి తిరిగి, "రేపు పొద్దున నాకు పడవ కావాలి. మోటారుతోనో తెడ్డుతోనో మీ ఇష్టం. తిట్లు మాత్రం అవతలి ఒడ్డుకి చేరాకే," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరూ పడవని ఒడ్డు వెంట రేవుకి లాక్కొచ్చి, మోటారుని ఇంటికి మోసుకొచ్చి వంటింటి బల్ల మీద పడుకోబెట్టారు. ఆమె ఈసారి పప్పుగిన్నె గురించి ఏమీ అనలేదు. అనడానికి ఓపిక లేదు.

శుక్రవారం తెల్లవారేసరికి అతను సిలిండరు విప్పేశాడు. పిస్టన్ పక్కన గోళ్ళతో రక్కినట్టు నిలువు గీతలు. వేలితో తడిమి చూస్తున్నాడు. బల్ల చివర ఫోను మోగింది. గ్యారేజీ స్నేహితుడు. పడవక్క పొయ్యి దగ్గర నిలబడి, గరిట గిన్నెలో ఉంచి తిప్పడం మానేసింది.

అతను చెయ్యి తుడుచుకుని తీశాడు. "ఆఁ... లేదురా. తేలింది. తేలింది కాబట్టే రాలేను. నా చేత్తో చెడగొట్టిన మోటారొకటి బల్ల మీద ఉంది... ఎప్పటికంటే, చెప్పలేను. నువ్వు ఇంకో మనిషిని చూసుకో." పెట్టేశాడు.

ఆమె గరిట తిప్పడం మొదలుపెట్టింది. కాస్త సేపయ్యాక, అటు తిరిగే అడిగింది. "ఎన్నాళ్ళు పడుతుంది?"

"నెల," అన్నాడు అతను.

"నెలా?"

"పిస్టన్ దొరకాలి. రింగులు దొరకాలి. సిలిండరు గీతలు చెరపాలి. పాత మోటారు కదా. నెల కన్నా ఎక్కువే పట్టచ్చు."

పిస్టన్ అవతలి ఒడ్డున, ఆసుపత్రి పక్క దుకాణంలో అద్దాల బీరువాలో ఉంది. రింగులూ అక్కడే. పద్నాలుగేళ్ళ కిందట ఇదే మోటారు పట్టేసినప్పుడు, రేవులో ఉన్న సామాన్య మెకానిక్కు తొమ్మిది రోజుల్లో దాన్ని మళ్ళీ నీళ్ళలో దించాడు. ముప్పయ్యారేళ్ళు మేస్త్రీగా చేసిన వాడికి వారం చాలు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని అతనికీ తెలుసో లేదో, పిస్టన్ని పుస్తకంలా మొహానికి దగ్గరగా పట్టుకుని చదువుతున్నాడు.

కోపం ముంచుకొచ్చింది ఆమెకి. నెల రోజులు మోటారు లేకుండా! అరవై ఆరేళ్ళ ఒంటితో! దేనికైనా హద్దుండాలి. ఒక అబద్ధంతో ప్రాణం మీదికి తెచ్చుకున్నది చాలక, ఇప్పుడు ఇంకోటా? దుకాణం సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే నిలబడింది. వెనక్కి పోనూ లేదు, బయటికి రానూ లేదు.

"నెల రోజులు ఏరు ఎవడు దాటిస్తాడు?" అంది చివరికి, గరిటని గిన్నె అంచుకి ఠంగుమని కొట్టి.

"నేను."

"నువ్వా? నువ్వు తెడ్డేస్తే పడవ ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. నిన్న చూశాంగా."

"అయితే నేర్పు."

రేవు నుంచి నర్సమ్మ గొంతు, "పడవక్కా! టైమవుతోంది!" అని గాలి మీద వచ్చింది. పడవక్క పొయ్యి ఆపి, మూలనున్న రెండు తెడ్లూ తీసి, బరువైనదాన్ని అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని ఒంటిచేత్తో మధ్యలో పట్టుకుని గుమ్మం వైపు నడిచాడు.

"అలా కాదురా. రెండు చేతులూ. ఇంకాస్త కిందికి. అది స్పానరు కాదు," అంది, అతని వెనకే విసుగ్గా మెట్లు దిగుతూ.